ట్యాబ్ ఇచ్చే ముందు పిల్లవాడు ఎక్కడ ఆగాడో చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఊళ్ల బడులకు ట్యాబులు, స్మార్ట్ టీవీలు వస్తున్నాయి. రిబ్బన్ కత్తిరించే ఫొటోలూ పత్రికల్లో వస్తున్నాయి. రావడం మంచిదే, కాదనం. కానీ ‘ఏ పిల్లకు ఏది రాదో కనిపెట్టి అదే నేర్పుతుంది’ అని చెప్పి అంటగడుతున్న సాఫ్ట్‌వేర్ మరాఠీలో ప్రశ్న అడుగుతుంది, మరాఠీలో వచ్చిన జవాబునే చూస్తుంది, దాన్నిబట్టి పిల్లను ఒక మెట్టు మీద కూర్చోబెడుతుంది. గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ వైపు పిల్లకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. చాలా ఊళ్లలో మాడియా గోండీ కూడా ఉంటుంది. ఇలాంటి పిల్లకు లెక్క రాలేదా, లెక్క అడిగిన భాష అర్థం కాలేదా అన్నది ముందు తేలాలి. అది తేలకుండా మెట్టు నిర్ణయిస్తే, యంత్రం ఎంత తెలివైనదైనా తప్పు పాఠాన్నే పదేపదే చెబుతుంది.

ఒక్క లెక్క తీసుకుందాం. మూడో తరగతిలో గురూజీ నోటితో చెబుతారు: ‘బావన్న మధూన్ అఠరా వజా కరా’. అంటే 52లోంచి 18 తీసేయాలి. జవాబు 34. పలకల మీద మామూలుగా కనబడే తప్పు జవాబులు నాలుగు. 46 వేసిన పిల్ల ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు కనుక 8లోంచి 2 తీసేసింది. అప్పు తెచ్చుకోవడం ఇంకా తెలియదు. 44 వేసిన పిల్ల అప్పు తెచ్చుకుంది, కానీ పదుల్లో 5ను 4 చేయడం మరిచింది. ఈ పిల్లకు అరగంట పుల్లల కట్టలతో చూపిస్తే చాలు. 70 వేసిన పిల్ల కూడేసింది, ‘వజా’ అన్న మాట పట్టుకోలేదు. ఇక 7 వేసిన పిల్లకు తీసివేత పూర్తిగా వచ్చు. ‘బావన్న’లో ముందు రెండు, తర్వాత యాభై వినబడుతుంది కాబట్టి విన్న వరసలోనే 25 అని రాసుకుంది, 25లోంచి 18 సరిగ్గా తీసేసింది. సాఫ్ట్‌వేర్‌కు నాలుగూ తప్పే, నలుగురికీ ‘తీసివేత మళ్లీ మొదటినుంచి’ అనే పాఠమే వస్తుంది. 7 వేసిన పిల్ల తనకు వచ్చిన తీసివేతనే వారం రోజులు మళ్లీ చేస్తుంది. బావన్న అంటే ఎంతో ఆ వారం తర్వాత కూడా తెలియదు.

మరాఠీలో 21 నుంచి పైకి సంఖ్య పేరులో ఒకట్లు ముందు వస్తాయి: ఏకవీస్, సత్తేచాళీస్. తెలుగులో పదులు ముందు: ఇరవై ఒకటి, నలభై ఏడు. రాసే అంకెల్లో కూడా పదులే ముందు కనుక తెలుగు పిల్లకు ఇంటి లెక్క బడి పలక మీద సాఫీగా సాగిపోతుంది, మరాఠీలో చెప్పగానే తిరగబడుతుంది. అన్నిటికంటే మోసం చేసేవి 29, 39, 49. ‘ఏకోణతీస్’ అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ‘తీస్’ చెవిన పడగానే పిల్ల 31 గానీ 39 గానీ రాస్తుంది. ఇది తెలుగు పిల్లల లోపమూ కాదు. ఒకట్లు ముందుండే పేర్లు మరాఠీ పిల్లలకూ కష్టమేనని 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో ‘ఏకవీస్’ పక్కన ‘వీస్ ఏక్’ అని చదివే పద్ధతి పెట్టింది. అప్పుడు రాష్ట్రమంతా వెక్కిరింతలు, చర్చలు. మన వైపు బడుల్లో మాత్రం ఆ పద్ధతిని వదులుకోకూడదు. ‘వీస్ ఏక్’ అంటే అచ్చం ‘ఇరవై ఒకటి’ వరసే. పిల్ల ముందు ఆ వరసలో పదులు-ఒకట్లు పట్టుకుంటుంది, తర్వాత నెల రోజులు రోజుకు ఐదు సంఖ్యల చొప్పున ఏకవీస్ వరస చెవికి పడితే సరిపోతుంది.

చదవడంలోనూ ఇలాంటిదే ఉంది. పిల్ల చదువుతుంటే విని తప్పులు పట్టే యాప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. గూగుల్ వారి రీడ్ అలాంగ్ 2019లో ‘బోలో’ పేరుతో మన దేశంలోనే మొదలైంది, మరుసటి ఏడాదికి తెలుగు, మరాఠీ కూడా అందులో చేరాయి. ఇలాంటి యాప్ ముందు సిరొంచ పిల్ల ‘ఘర్’ను ‘ఘర’ అని, ‘పుస్తక్’ను ‘పుస్తక’ అని చదువుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగియడం అలవాటు, దేవనాగరిలో ఆ అక్షరానికి హలంత గుర్తు కూడా ఉండదు, కనుక ఉన్నది ఉన్నట్టే చదివింది. ‘బసలా’ అని రాసి ‘బస్‌లా’ అని పలకాలన్నది ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. యాప్‌కు అది తప్పు మాట. అలాంటివి పోగైతే పిల్ల ‘అక్షరాలు రావు’ అనే గుంపులోకి జారిపోతుంది. నిజానికి అక్షరాలన్నీ వచ్చు.

అక్షరాల్లో నిజంగా తడబడే చోట్లు వేరు. హ్రస్వ ఇకార మాత్ర దేవనాగరిలో అక్షరానికి ఎడమ పక్కన వస్తుంది. మన గుడి తల మీద ఉంటుంది. ఎడమనుంచి చదువుకుంటూ వచ్చే పిల్ల ఆ మాత్రను ముందున్న అక్షరానికి తగిలిస్తుంది. రఫార్ ఇంకో చిక్కు: పలికేటప్పుడు ర ముందు, రాసేటప్పుడు తర్వాతి అక్షరం నెత్తిన. ‘సూర్య’ను ‘సూయ్ర’ అని చదివే పిల్లలు ఇందుకే ఉన్నారు. మరాఠీలో మూడు లింగాలు, మనకు ఆడమనిషికీ వస్తువుకూ ఒకటే ‘వచ్చింది’. కాబట్టి ‘తీ’, ‘తే’ కలగాపులగం అవుతాయి.

మన పిల్లలకు కలిసొచ్చేవీ ఉన్నాయి. ళకారం, చ-జలకు రెండేసి పలుకుబడులు, మనం-మేము తేడాలాగే ఆపణ్-ఆమ్హీ తేడా. హిందీ ఇంటి భాష అయిన పిల్ల ఆపణ్-ఆమ్హీ దగ్గర నెలలు తడబడుతుంది, మన పిల్లకు చెప్పకుండానే వస్తుంది. వాటి మీద పాఠం పెట్టడం వృథా. వాటికి పోయే వారం రఫార్‌కు ఇవ్వండి.

ఇవన్నీ ఏ యంత్రం లేకుండా ఒక్క కాగితం మీద తేల్చవచ్చు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న మెట్లే సరిపోతాయి: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ఐదు అక్షరాల్లో నాలుగు, ఐదు మాటల్లో నాలుగు చదివితే ఆ మెట్టు వచ్చినట్టు. పేరాలో మూడు తప్పులకు మించకూడదు, మాటలు విడివిడిగా ఏరుకున్నట్టు కాకుండా వాక్యంలా చదవాలి. దీనికి మన దగ్గర చేర్చాల్సింది ఒక్కటే. పేరా చదివాక ఏం చదివిందో పిల్లను ఇంటి భాషలో చెప్పమనాలి. సాఫీగా చదివి తెలుగులోనూ ఏమీ చెప్పలేకపోతే అక్షరం వచ్చింది, మరాఠీ అర్థం కాలేదు. తడబడుతూ చదివి కథంతా చెప్పగలిగితే మరాఠీ వచ్చింది, అక్షరం మీద సాధన చాలలేదు. ఈ ఇద్దరినీ ఒకే గుంపులో కూర్చోబెట్టడమే ఇప్పుడు జరుగుతున్న పెద్ద నష్టం.

సంఖ్యలకు రెండు పరీక్షలు, విడివిడిగా. 47 రాసి చూపించి ఏ భాషలోనైనా సరే చదవమనండి. తర్వాత ‘సత్తేచాళీస్’ అని చెప్పి రాయమనండి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే స్థానవిలువ వచ్చినట్టే, పేర్లు మాత్రం రావు. మాటల్లో రాసి అడిగే లెక్కలకు ఆస్ట్రేలియాలో న్యూమన్ అనే ఆవిడ 1977లో చెప్పిన ఐదు ప్రశ్నల పద్ధతి మన బడికి అతికినట్టు సరిపోతుంది: లెక్క చదువు, ఏం అడిగారో చెప్పు, ఏం చేస్తావో చెప్పు, చేసి చూపు, జవాబు రాయి. మొదటి ప్రశ్న మరాఠీలో, మిగతావి తెలుగులో అడగాలి. ఎక్కడ ఆగితే అక్కడే ఆ పిల్లకు పని. రెండో ప్రశ్న దగ్గరే ఆగిన పిల్లకు వంద తీసివేతలు ఇచ్చి ప్రయోజనం లేదు.

తెలుగు చదవడం పరీక్షించకండి. జిల్లా పరిషత్ మరాఠీ బడిలో చదివే పిల్లకు తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. తెర మీద తెలుగు అక్షరాల్లో వివరణ పెట్టి ‘మాతృభాషలో కంటెంట్ ఇచ్చాం’ అనుకునే వాళ్లకు ఈ సంగతి తట్టదు. ఈ పిల్లకు కావలసింది తెలుగు గొంతు. ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లకు తెలుగు గొంతు కూడా రెండో భాషే అన్నది మరవకూడదు. పరీక్ష కాగితం మొదటి గడిలో ‘ఇంట్లో అమ్మతో ఏం మాట్లాడతావు’ అన్నది రాసుకోవాలి. పేరు చూసి, కులం చూసి ఊహించవద్దు.

ఒక్కో పిల్లకు ఏడు నిమిషాలు. 40 మందికి 280 నిమిషాలు, అంటే ఐదు గంటలకు కాస్త తక్కువ. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లే. ఇద్దరూ పంచుకుంటే రోజుకు ఒక పీరియడ్ చొప్పున మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఆరు వారాలకోసారి మళ్లీ చేయాలి. రెండోసారి సగం సమయం చాలు, ఆగిన మెట్టు నుంచే మొదలు పెడతాం కాబట్టి.

ఆ తర్వాత గుంపులు. తరగతినిబట్టి కాదు, ఆగిన చోటునిబట్టి. మూడో తరగతి పిల్ల, ఐదో తరగతి పిల్ల ఒకే గుంపులో ఉండవచ్చు. రోజుకు 90 నిమిషాలు తీసుకుని, 25 నిమిషాల మూడు విడతలుగా చేసి, మారడానికీ సర్దుకోవడానికీ 15 నిమిషాలు ఉంచాలి. ఒక గుంపు టీచర్ దగ్గర, ఒకటి ట్యాబుల దగ్గర, ఒకటి జంటలుగా కార్డులతో. 36 మందికి 12 ట్యాబులు చాలు, అందరికీ అక్కర్లేదు. ఇక్కడ జరిగే తప్పు ఒకటి చెప్పాలి. అల్లరి చేసే, వెనకబడ్డ పిల్లల చేతికి ట్యాబ్ ఇచ్చి ఒక మూల కూర్చోబెట్టి, చురుకైన పిల్లలతో టీచర్ కూర్చోవడం. ఇది తలకిందులు. అక్షరం రాని పిల్లకు మనిషి కావాలి, తప్పు చేసినప్పుడు ఏమనుకుని చేశావని అడిగే మనిషి. సాధన మాత్రమే మిగిలిన పిల్లకు ట్యాబ్ సరిపోతుంది.

కార్డుల పని అంటే పాతకాలపు పద్ధతి అని చిన్నచూపు చూసేవాళ్లకు ఒక మాట. ఎవరి వేగంతో వాళ్లు మెట్లెక్కే చదువును మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు తెలుగు పల్లెబడుల కోసమే తయారు చేశారు. కర్ణాటక నలి-కలి, తమిళనాడు కార్డుల పద్ధతి దాన్నుంచి వచ్చినవే. గోడ మీద నిచ్చెన బొమ్మ, ఒక్కో మెట్టుకు ఒక కార్డు, కార్డు మీద ఒక గుర్తు. పిల్ల తన మెట్టు తానే చూసుకుని కార్డు తీసుకుంటుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్త పేరు పెట్టి చెబుతున్నది ఇదే. కార్డు నలిగితే మళ్లీ రాసుకోవచ్చు, కరెంటు పోయినా చదువు ఆగదు. మరాఠీ కార్డు వెనక వైపు బొమ్మ వేసి, దాని తెలుగు వివరణ ఏ నంబరు ఆడియోలో ఉందో రాస్తే మన అవసరం తీరుతుంది.

టీచర్ పక్కన ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందనడానికి రుజువు ఉంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన పరిశోధన 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. నాలుగున్నర నెలల్లో గణితంలోనూ, హిందీలోనూ పిల్లలు గట్టిగా ముందుకొచ్చారు. ఆరో తరగతిలో చేరిన పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారనీ అందులోనే తేలింది. ఆ పేరు చెప్పుకుని అమ్మేవాళ్లు దాచే సంగతి ఏమంటే, అక్కడ రోజుకు 90 నిమిషాల్లో 45 నిమిషాలే కంప్యూటర్, మిగతా 45 నిమిషాలు చిన్న గుంపులో మనిషి చెప్పిన పాఠం. పైగా ఆ పిల్లలకు హిందీ పాఠం హిందీలోనే అందింది. పెరూ దేశంలో 319 పల్లెబడుల్లో పిల్లకో ల్యాప్‌టాప్ పథకాన్ని 15 నెలల తర్వాత కొలిస్తే గణితంలో, భాషలో తేడా ఏమీ కనబడలేదు. పెట్టె ఇచ్చారు, పద్ధతి ఇవ్వలేదు.

తెలుగు గొంతు సంగతి. మరాఠీ గణిత, పరిసర్ (పరిసరాల విజ్ఞానం) పాఠాల్లో ఒక్కో అంశానికి మూడు నిమిషాల తెలుగు ఆడియో చాలు. మామూలు ఫోన్‌లో, ఫ్యాన్ ఆపేసి, జానెడు దూరంలో పెట్టుకుని రికార్డు చేయాలి. మోనోలో 32 కేబీపీఎస్‌కు కుదిస్తే మూడు నిమిషాలకు 720 కిలోబైట్లు. 200 ముక్కలు చేసినా 150 మెగాబైట్లు దాటదు, ఎంత పాత ఫోన్‌లోనైనా పడుతుంది. ఫైలు పేరు అంకెల్లోనే ఉండాలి: తరగతి, విషయం, పాఠం, ముక్క. పేర్లు అక్షరాల్లో పెడితే నెల తిరక్కుండా ఏది ఏదో తెలియదు. మాట్లాడేది ఆ ఊరి తెలుగే కావాలి. మొదట మరాఠీ మాట, ఒక క్షణం ఆగి తెలుగులో అర్థం, ఒక చిన్న ఉదాహరణ, మళ్లీ మరాఠీ మాట. మొత్తం తెలుగులోనే చెప్పేస్తే పిల్లకు లెక్క వస్తుంది, పరీక్షలో మరాఠీ ప్రశ్న మళ్లీ కొత్తగానే ఉంటుంది. యంత్రం చేసిన అనువాదాన్ని చిత్తుప్రతిగా వాడుకోవచ్చు, అలాగే వినిపించకండి. ‘వ్యవకలనం’ అని తెలుగు గొంతు పలికితే ‘వజాబాకీ’ కంటే అదే కష్టంగా ఉంటుంది. ‘తీసేయడం’ అంటే చాలు.

కేంద్ర ప్రభుత్వం నడిపే దీక్షా అనే పాఠాల వేదికలో మహారాష్ట్ర పాఠాలూ తెలంగాణ పాఠాలూ రెండూ ఉన్నాయి. యాప్‌లో బోర్డు, మాధ్యమం మార్చుకుంటే ప్రాణహిత అవతలి పిల్లలు చూసే తెలుగు పాఠం ఇక్కడా తెరుచుకుంటుంది, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. చిక్కల్లా రెండు రాష్ట్రాల పుస్తకాల్లో పాఠాల వరస కలవకపోవడం. తరగతికి ఒక పేజీ చొప్పున ‘ఈ మరాఠీ పాఠానికి ఆ తెలుగు పాఠం’ అనే పట్టిక తయారు చేస్తే తీరిపోతుంది. జివతి తాలూకాలో ముకదంగూడ, పరందోలి లాంటి ఊళ్లలో రెండు రాష్ట్రాల బడులూ ఒకే ఊళ్లో నడుస్తున్నాయి. ఆ టీచర్లు నాలుగు శనివారాలు కలిసి కూర్చుంటే ఆ పట్టిక అయిపోతుంది. ఆ ఊళ్ల మీద రెండు రాష్ట్రాల హద్దు తగువు ఎలాగూ తెమలదు, పట్టికైనా తెములుతుంది.

నెట్ మీద ఆశ పెట్టుకోకూడని ఊళ్లలో రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, తాలూకా కేంద్రంలో పాఠాలన్నీ 128 జీబీ మెమరీ కార్డులోకి ఎక్కించి తెచ్చుకోవచ్చు. ట్యాబులు వైఫై మీద దాన్నుంచే పాఠం తీసుకుంటాయి. పాడయ్యే తీరు తెలిసి ఉండాలి. కరెంటు హఠాత్తుగా పోతే రాస్తూ ఉన్న కార్డు చెడిపోవచ్చు, అప్పుడు మొత్తం మళ్లీ ఎక్కించాలి. కనుక కార్డుకు ఒక నకలు బీరువాలో ఉండాలి, యంత్రానికి 5 వోల్టులు 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్‌తో పాటు బ్యాటరీ ఆసరా ఉండాలి. ఫోన్ చార్జర్ తగిలిస్తే వోల్టేజి పడిపోయి మధ్యలో ఆగుతుంది. ఇందులో చాలా నమూనాలకు సొంత గడియారం లేదు. నెట్ లేని చోట ఆపి మళ్లీ వేస్తే తేదీ పాతదే చూపుతుంది, పిల్లల రికార్డులన్నీ తప్పు తేదీలతో పడతాయి. డీఎస్ 3231 అనే చిన్న గడియారం ముక్క తగిలిస్తే ఆ బాధ ఉండదు. పన్నెండు ట్యాబులూ ఒకేసారి వీడియో అడిగితే దాని సొంత వైఫై మొరాయిస్తుంది. విడిగా ఒక రౌటర్ పెట్టండి, వీడియో ఒక్కటే పెద్ద తెర మీద అందరికీ వేసి ట్యాబులు అభ్యాసాలకు వాడండి.

కరెంటు లెక్క. 5000 ఎంఏహెచ్ ట్యాబ్ బ్యాటరీలో సుమారు 18.5 వాట్ అవర్లు పడుతుంది. పన్నెండింటికి 222, చార్జింగ్‌లో పోయేది కలిపితే 275 దాకా. 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు 300 దాకా ఇస్తుంది, ఆషాఢ శ్రావణాల్లో సగం కూడా ఇవ్వదు. అయితే రోజుకు మూడు విడతల వాడకంలో బ్యాటరీ పూర్తిగా దిగదు. సగం ట్యాబులు ఒక రోజు, సగం మరో రోజు చార్జి చేస్తే వానాకాలం కూడా గట్టెక్కుతుంది. వేసవి సెలవుల్లో మాత్రం జాగ్రత్త. చంద్రపూర్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో నిండా చార్జి చేసిన ట్యాబులు పెట్టి తాళం వేస్తే జూన్‌లో ఉబ్బిన బ్యాటరీలు దొరుకుతాయి. సగం చార్జిలో ఆపి, స్లాబు ఉన్న గదిలో నేల మీద కాకుండా పెట్టెలో పెట్టాలి.

వినే యాప్‌లకు మైకున్న హెడ్‌సెట్ తప్పనిసరి, వైరుదైతే మేలు. రేకుల మీద వాన పడుతుంటే ఏ యాప్‌కూ ఏమీ వినబడదు, ఆ రోజు కార్డులే. ఇద్దరు పిల్లలు పక్కపక్కన గట్టిగా చదివితే ఒకరి గొంతు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. రెండు మీటర్ల ఎడంలో, గోడవైపు తిప్పి కూర్చోబెట్టాలి.

తెర మీద వచ్చే మార్కులను అలాగే నమ్మవద్దు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు పది ఇస్తే కళ్లు మూసుకుని నొక్కినా రెండు మూడు కలుస్తాయి. ప్రశ్న వినడం పూర్తికాకముందే జవాబు పడిందంటే అది ఊహే. రెండు నిమిషాల్లో ఇరవై ప్రశ్నలు ముగించిన పిల్లను పిలిచి రెండు ప్రశ్నలు నోటితో అడగండి. జంటగా వాడినప్పుడు వచ్చిన మార్కులు ఇద్దరిలో ఎవరివీ కావు, వాటినిబట్టి గుంపు మార్చకండి. తమ్ముడి పేరు మీద అక్క ఆడేయడం కూడా మామూలే. రోల్ నంబరు కార్డు మెడలో వేస్తే కొంత తగ్గుతుంది. ఆ నంబరే యాప్‌లోనూ వాడాలి. పేరు, ఆధార్, ఫొటో ఏ కంపెనీకీ ఎక్కించనక్కర్లేదు. 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. వేలిముద్ర వేయించుకున్న కాగితం సమ్మతి కాదు, అందులో ఏముందో వాళ్ల భాషలో చెప్పాకే అది సమ్మతి.

గుంపులకు ‘హుషార్’, ‘కచ్చే’ (వెనకబడ్డవాళ్లు) లాంటి పేర్లు పెట్టే బడులు ఇంకా ఉన్నాయి. పక్షుల పేర్లు పెట్టినా పిల్లలకు తెలిసిపోతుంది. తెలిసినా ఫరవాలేదు, గుంపు మారుతూ ఉంటే. ఏడాదంతా ఒకే గుంపులో ఉన్న పిల్ల ఉందంటే లోపం పిల్లలో కాదు, ఆ గుంపుకిచ్చిన పనిలో ఉంది. కేంద్రప్రముఖ్‌లు (కొన్ని బడులను కలిపి చూసుకునే పర్యవేక్షకులు) తనిఖీకి వచ్చినప్పుడు ట్యాబుల లెక్క కంటే ఈ ఆరు వారాల్లో ఎందరు గుంపు మారారన్నది అడిగితే బాగుంటుంది.

2025 ఏప్రిల్ 16న మహారాష్ట్రలో ఒకటో తరగతి నుంచి హిందీ మూడో భాషగా ఉండాలని ఒక ఉత్తర్వు వచ్చింది, రాష్ట్రమంతా రగిలింది, జూన్ 29న వెనక్కి పోయింది. ఆ గోలలో ఇంటి భాష వేరే ఉన్న ఒకటో తరగతి పిల్ల మాట ఏ మాత్రం వినబడింది? మరాఠీ వద్దని ఎవరూ అనడం లేదు. ఇక్కడి పిల్లకు కాలేజీ, కచేరీ, ఉద్యోగం అన్నీ మరాఠీలోనే. ఆ మరాఠీ గట్టిగా రావాలనే ఇంటి భాష ఆసరా అడుగుతున్నాం. కనీసం ఐదో తరగతి దాకా వీలైన చోటల్లా ఇంటి భాషలో చెప్పమని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటోంది. మూడో తరగతి ముగిసేసరికి చదవడం, లెక్క రావాలన్న కేంద్ర పథకం నిపుణ్ భారత్ గడువు 2026-27. నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది అందులో మూడో తరగతి లక్ష్యం. ‘అర్థం చేసుకుంటూ’ అన్నది ఏ భాషలో అడిగి తేలుస్తారన్నదే మా ప్రశ్న.

జిల్లా పరిషత్ విద్యా విభాగాలు ఇకముందు పిలిచే టెండర్లలో కొన్ని షరతులు పెట్టాలి. సాఫ్ట్‌వేర్ నెట్ లేకుండా పూర్తిగా నడవాలి. ప్రతి ప్రశ్న పక్కన టీచర్ సొంతంగా రికార్డు చేసిన ఆడియో పెట్టుకునే చోటు ఉండాలి, తెలుగైనా, మాడియా అయినా. సంఖ్యను చూపి అడిగిన ప్రశ్న, వినిపించి అడిగిన ప్రశ్న విడివిడిగా లెక్కకు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్ల ఏ ప్రశ్నకు ఏ జవాబు వేసిందో ఆ జవాబే టీచర్‌కు పట్టికగా దొరకాలి, రంగు చుక్కలూ శాతాలూ కాదు. 46కూ 7కూ తేడా ఆ పట్టికలోనే కనబడుతుంది. పట్టిక ఇవ్వడం కుదరదనే కంపెనీ ధర ఎంత తక్కువ వేసినా పక్కన పెట్టేయండి.

ఇట్లు,
కొందరు ప్రాథమిక ఉపాధ్యాయులు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర.